పట్టికలో లేని ప్రమాదం

2006 నవంబరులో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం హైదరాబాద్ శివారు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి పోయే నీటిని వరసగా రెండు రోజులు సీసాల్లో పట్టింది. మందుల ముడిసరుకు తయారుచేసే చుట్టుపక్కల సుమారు 90 బల్క్ డ్రగ్ కర్మాగారాల వ్యర్థజలాలు అప్పట్లో ఆ కేంద్రానికి చేరేవి. శుద్ధి పూర్తయి, ఇక వదిలేయవచ్చు అనుకున్న ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాములు తేలింది. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు, టైఫాయిడ్‌కు మన డాక్టర్లు ఏళ్ల తరబడి రాసిన మందే అది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కంటే ఆ నీటిలోనే మందు ఎక్కువగా ఉంది. రోజుకు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ నీటితో పాటు పోతోందని వాళ్లు లెక్కగట్టారు. 500 మిల్లీగ్రాముల మాత్రలుగా చూస్తే అది 90 వేల మాత్రలు. సుమారు 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందు ఇక్కడ ఒక్క రోజులో కాలువ పాలైంది.

ఆ ఫలితాలు 2007లో అచ్చయ్యాక ప్రపంచమంతా పటాన్‌చెరు పేరు మార్మోగింది. పత్రికలు రాశాయి, అధికారులు ఖండించారు, కొత్త బృందాలు వచ్చి కొత్త సీసాలు నింపుకుని వెళ్లాయి. ఇంత హడావుడిలో అడగాల్సినంత గట్టిగా ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల యాంటీబయాటిక్ వదలడం ఏ నిబంధన ప్రకారం తప్పు? మన వ్యర్థజలాల ప్రమాణాల పట్టికలో సిప్రోఫ్లాక్సాసిన్‌కు గడి లేదు. ఏ యాంటీబయాటిక్‌కూ లేదు. అందువల్ల ఆ నీటిలో 31 మిల్లీగ్రాములు ఉన్నా, ఒకటే ఉన్నా, అసలు లేకపోయినా నిబంధన దృష్టిలో తేడా రాదు. ఆ పరీక్ష జరిగి రెండు దశాబ్దాలు కావస్తోంది. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

కాలుష్య నియంత్రణ మండలి ఏం చేస్తోంది, నమూనాలు తీయడం లేదా అని అడిగేవారు ఉంటారు. తీస్తుంది. పర్యావరణ పరిరక్షణ నియమాల కింద బల్క్ డ్రగ్ పరిశ్రమకు ఉన్న ప్రమాణాల్లో నీటి ఆమ్లత్వం, బీవోడీ, సీవోడీ, పాదరసం, ఆర్సెనిక్, సీసం, సయనైడ్, ఫినాల్స్ లాంటివి ఉన్నాయి. అవి అవసరమే. కానీ మందు తయారుచేసే కర్మాగారం నుంచి మందే బయటికి వస్తుందేమో చూడాలన్న నిబంధన మాత్రం ఆ పట్టికలో లేదు. బట్టల మిల్లు మురికికైనా చక్కెర ఫ్యాక్టరీ మురికికైనా వాడే కొలతలనే, బ్యాక్టీరియాను చంపడానికే పుట్టిన పదార్థాన్ని తయారుచేసే పరిశ్రమకు తొడిగారు.

దీని పర్యవసానం బీవోడీ కొలతలో స్పష్టంగా కనిపిస్తుంది. నీటిలోని సేంద్రియ మలినాన్ని తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ప్రాణవాయువు కావాలో చెప్పే అంకె అది. మన దేశంలో 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచి కొలుస్తారు. ప్రాణవాయువు ఎంత ఎక్కువ ఖర్చయితే నీరు అంత మురికిగా ఉందని అర్థం. పరీక్ష చేసేది బ్యాక్టీరియా. నమూనాలో వాటిని కుంగదీసే పదార్థం ఉంటే అవి సరిగ్గా తినవు, ప్రాణవాయువు తక్కువగా ఖర్చవుతుంది, అంకె తగ్గి నీరు ఉన్నదానికంటే శుభ్రంగా కనిపిస్తుంది. నీటి రసాయన శాస్త్రం చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఏ కాలుష్యాన్ని పట్టుకోవాలో ఆ కాలుష్యమే కొలతను తప్పుదారి పట్టించగల చోట కూడా బీవోడీనే ముఖ్య ప్రమాణంగా పెట్టుకున్నాం.

అదే పట్టికలో చేపల పరీక్ష కూడా ఉంది. ఏమీ కలపని వ్యర్థజలంలో చేపలను 96 గంటలు వదిలితే నూటికి 90 బతకాలి. విషపు రసాయనాలను పట్టడానికి మంచి పరీక్షే. అయితే యాంటీబయాటిక్ చేపను చంపాల్సిన పని లేదు. చేప ఈదుతూనే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న నీటిలో మందుకు లొంగే సూక్ష్మజీవులు చచ్చి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. పరీక్ష నెగ్గిన నీరే రేపటి రోగాన్ని తయారుచేయగలదు. 2014 తర్వాత బాగా కలుషితం చేసే 17 రకాల పరిశ్రమలకు తప్పనిసరి చేసిన ఆన్‌లైన్ మీటర్లు కూడా ఇదే దారిలో నడిచాయి. ఆ 17 రకాల్లో ఫార్మా ఉంది. మీటర్లు ఎప్పటికప్పుడు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్వర్లకు అంకెలు పంపుతాయి. ఆ అంకెలు పాత పట్టికలోవే.

ఈ పరిశ్రమ ఇక్కడికి ఎలా వచ్చిందో గుర్తుచేసుకోకుండా దాన్ని తిట్టడం అన్యాయం. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్, సోవియట్ సాయంతో హైదరాబాద్‌లో మందుల కర్మాగారం పెట్టింది. అందులో పనిచేసి, నేర్చుకుని బయటికి వచ్చినవాళ్లే తర్వాత ఈ నగరంలో కంపెనీలు స్థాపించారు. 1970 పేటెంట్ల చట్టం, ఒకే మందును వేరే పద్ధతిలో తయారుచేసుకునే వీలు కల్పించింది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, పాశమైలారాల్లో వెలిసిన పారిశ్రామికవాడలు ఆ విద్యకు చోటిచ్చాయి. విదేశాల్లో వందల రూపాయలు ఉండే మాత్రను మన పల్లెటూరి మెడికల్ షాపులో పది రూపాయలకు అందించిన ఘనత వీటిదే. ఆఫ్రికాలో, లాటిన్ అమెరికాలో పేద రోగులు ఈ మందుల మీద ఆధారపడి బతుకుతున్నారు. పరిశ్రమ ఉండాలి. అది ఉండటానికి పటాన్‌చెరు పల్లెలు ఇచ్చిన మూల్యాన్ని మాత్రం ఏ ధరలోనూ కలపలేదు.

నక్కవాగు పక్కన పొలాలున్న రైతులు 1980ల నుంచే బోర్లలో రంగు నీళ్లు వస్తున్నాయని చెబుతూ వచ్చారు. గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలడం, ఖాజీపల్లి చెరువు నురగలు కక్కడం అక్కడివారికి మామూలు వార్తలయ్యాయి. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు లాంటివారు దశాబ్దాల పాటు ఊళ్లవాళ్లను కూడగట్టి, కోర్టుల చుట్టూ తిరిగి పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో పడిన వ్యాజ్యం అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు చేరి, 2017లో ముగిసింది. 27 ఏళ్లు. ఈ మధ్యలో కోర్టులు చేసిన మేలును తక్కువ చేయను. రైతులకు పరిహారం ఇప్పించాయి, ఊళ్లకు మంచినీళ్లు తెప్పించాయి. కోర్టు తీర్పునకైనా చివరికి ఆధారం ఒక ప్రమాణమే కదా. ప్రమాణాల్లో లేని పదార్థం గురించి ఏ న్యాయమూర్తి మాత్రం ఏం తేల్చగలరు?

శుద్ధి అయిన పారిశ్రామిక జలాలను వాగులో వదలొద్దని ఒత్తిడి పెరిగాక, 18 కిలోమీటర్ల పైపులైను వేసి అంబర్‌పేటలో మూసీ ఒడ్డున ఉన్న మురుగునీటి శుద్ధి కేంద్రానికి మళ్లించారు. నక్కవాగుకు కొంత ఊరట దొరికింది. అయితే ఆ నీరు వెళ్లి కలిసింది నగరవాసుల మలమూత్రాలు చేరే మురుగులో. మనిషి పేగుల్లోంచి వచ్చిన బ్యాక్టీరియాకు, మందుల కర్మాగారాల నీటికి అక్కడ కలయిక కుదిరింది. పటాన్‌చెరు కేంద్రంలోనూ శుద్ధి చురుగ్గా సాగాలని ఇళ్ల మురుగునీటిని కలిపేవారని లార్సన్ బృందం నమోదు చేసింది. మురికిని తినే సూక్ష్మజీవులను పెంచడానికి ఇంజినీర్లు చేసే మామూలు పనే అది. యాంటీబయాటిక్ ఉన్న నీటిలో అదే పని చేస్తే, రోగం తెచ్చే జాతులకు మందును తట్టుకునే శిక్షణ ఇచ్చినట్టు అవుతుంది.

తర్వాత వచ్చిన పరిశోధనలు ఈ భయాన్ని పెంచాయే తప్ప తగ్గించలేదు. 2009లో అచ్చయిన అధ్యయనం పటాన్‌చెరు ప్రాంతపు చెరువు నీటిలో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్‌ను, జలుబుకు వాడే సెట్రిజిన్‌ను కూడా గుర్తించింది. ఆరు ఊళ్లలో పరీక్షించిన బావులన్నిటిలో మందుల ఆనవాళ్లు దొరికాయి. 2011లో వాగు అడుగు మట్టిని పరిశీలించినవారికి మందులను తట్టుకునే జన్యువులు పెద్దఎత్తున కనిపించాయి. 2016 నవంబరులో జర్మన్ శాస్త్రవేత్తలు, పాత్రికేయులు కలిసి హైదరాబాద్ చుట్టూ 28 చోట్ల నీళ్లు పట్టారు. ఒకచోట ఫంగస్ మందు ఫ్లుకోనజోల్ లీటరుకు 237 మిల్లీగ్రాములు ఉంది. 95 శాతానికి పైగా నమూనాల్లో, ఆస్పత్రులను హడలెత్తించే మొండి బ్యాక్టీరియా దొరికింది.

ఇందులోని ప్రమాదం మామూలు విషం లాంటిది కాదు. సీసం లాంటిది నీటిలో కలిస్తే ఎంత కలిసిందో అంతే ఉంటుంది, దూరం పోయేకొద్దీ పలచనవుతుంది. మందును తట్టుకునే లక్షణం అలా పలచబడి పోయేది కాదు. ఒక బ్యాక్టీరియా నుంచి దాని పిల్లలకు సంక్రమించడమే కాక, ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్‌ఏ వలయాల ద్వారా పూర్తిగా వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా పాకుతుంది. మట్టిలో పుట్టిన హాని లేని సూక్ష్మజీవిలోని జన్యువు ఎప్పుడో ఒకనాడు న్యుమోనియా తెచ్చే జీవికి చేరవచ్చు. దానికి మందు భారీ మోతాదులో ఉండాల్సిన పనీ లేదు. సిప్రోఫ్లాక్సాసిన్ విషయంలో లీటరుకు 0.064 మైక్రోగ్రాములు దాటితే మొండి రకాలు ఎంపికై పెరగడం మొదలవ్వొచ్చని 2016లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. నదిలో కలిశాక పలచబడుతుందన్న మాట నిజమే. పటాన్‌చెరులో 2006లో దొరికిన మోతాదు ఆ హద్దుకు దాదాపు ఐదు లక్షల రెట్లు. ఇంత తేడాను ఏ నది పూడ్చగలదు?

2019లో మన దేశంలో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా బలిగొన్నవారు 2.97 లక్షలని, ఆ సమస్యతో ముడిపడిన మరణాలు 10 లక్షలకు పైగా అని అంతర్జాతీయ అంచనా. ఇందులో ఎంత భాగం కర్మాగారాల నీటి వల్ల అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. డాక్టరు చీటీ లేకుండా మందులు అమ్మే షాపులు, జలుబుకీ దగ్గుకీ యాంటీబయాటిక్ అడిగే మనం, కోళ్ల దాణాలో కలిపే మందులు, ఆస్పత్రుల్లో చేతులు కడగని అలవాటు అన్నీ ఇందులో భాగస్వాములే. ఐసీయూలో ఏ మందుకూ లొంగక చనిపోయిన పసిబిడ్డ మరణానికి ఫలానా కాలువ కారణమని వేలెత్తి చూపే వీలు ఎప్పటికీ రాదు. సరిగ్గా అందుకే ఇక్కడ ప్రభుత్వం అవసరం. నష్టపోయినవాడు కోర్టుకెక్కి రుజువు చేయగల ప్రమాదాలకు కోర్టులు చాలు. ఎవరికి జరిగిందో, ఎక్కడి నుంచి వచ్చిందో రుజువు కాని నష్టాన్ని ముందే ఆపడానికే నియంత్రణ వ్యవస్థను కట్టుకున్నాం. మిగతా కారణాల్లో కోట్లమంది అలవాట్లు మారాలి. ఇక్కడ మాత్రం గొట్టం ఎక్కడుందో తెలుసు, దాని యజమాని ఎవరో తెలుసు, అందులోంచి ఏం వస్తుందో కొలిచే యంత్రం ఉంది.

ప్రభుత్వం ఈ సంగతి గుర్తించలేదని కూడా అనలేం. 2017లో కేంద్రం ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళికలోనే పరిశ్రమల వ్యర్థాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు ప్రమాణాలు పెడతామన్న హామీ ఉంది. 2019లో పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించి తలచుకుంటే ఎంత వేగంగా కదలగలదో చూపించింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ విడుదల చేసిన ముసాయిదా 121 యాంటీబయాటిక్స్‌కు ఒక్కొక్కదానికీ అవశేష పరిమితి ప్రతిపాదించింది. ప్రపంచంలో ఏ దేశమూ అప్పటికి ఇంత ధైర్యం చేయలేదు. దారుణమైన కాలుష్యానికి పేరుపడ్డ దేశమే దారి చూపబోతోందని శాస్త్రలోకం మెచ్చుకుంది.

ఏడాదిన్నర తర్వాత, 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. 121 పరిమితుల్లో ఒక్కటీ మిగల్లేదు. పర్యవేక్షణ సంగతి తర్వాత రూపొందించే మార్గదర్శకాలకు వదిలేశారు. మార్గదర్శకానికి, ప్రమాణానికి మధ్య తేడా కాలుష్య నియంత్రణ మండలిలో పనిచేసే చిన్న ఉద్యోగికి కూడా తెలుసు. ప్రమాణం ఉల్లంఘిస్తే నోటీసు ఇవ్వొచ్చు, కరెంటు కట్ చేయించవచ్చు, మూసేయించవచ్చు. మార్గదర్శకం చేతిలో ఉన్న అధికారి కంపెనీ గేటు దగ్గర బతిమాలుకోవాలి.

ఎందుకు తీసేశారు? పరిశ్రమ చెప్పిన అభ్యంతరాలు తెలిసినవే. పరిమితులు మరీ కఠినమని, అంత సూక్ష్మంగా కొలిచే ప్రయోగశాలలు లేవని, ఖర్చు పెరిగి చైనాకు మార్కెట్ పోతుందని. వీటిని కొట్టిపారేయకుండా ఒక్కొక్కటి చూద్దాం.

పరిమితి అంకె మీద చర్చ సహజం. శుద్ధి కేంద్రం గొట్టం దగ్గర కొలవాలా, నదిలో కలిశాక కొలవాలా, ఒక్కో మందుకు విడిగా హద్దు ఉండాలా అన్నవి శాస్త్రీయ వాదనలే. అంకె ఎక్కువనిపిస్తే సవరించి పెట్టవచ్చు, ఐదేళ్లలో దశలవారీగా బిగించవచ్చు. ముసాయిదాలోని అంకెల మీద తగాదా వస్తే గడులనే చెరిపేయడం ఏ శాస్త్రం?

కొలిచే శక్తి లేదన్న వాదన హైదరాబాద్‌లో నిలబడదు. 2018లో వల్సార్టాన్ అనే రక్తపోటు మందులో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారకం ఆనవాళ్లు బయటపడి ప్రపంచవ్యాప్తంగా గగ్గోలు రేగింది. రోజుకు 96 నానోగ్రాములకు మించి శరీరంలోకి పోకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హద్దు పెట్టింది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. మన కంపెనీలు అప్పుడు ప్రయోగశాలలు లేవని చేతులెత్తేయలేదు. యంత్రాలు కొన్నాయి, యువకెమిస్టులను పెట్టుకున్నాయి, కొలిచాయి, అమెరికాకు మందులు పంపుతూనే ఉన్నాయి. బాటిల్‌లోకి వెళ్లే మందులో నానోగ్రామును పట్టగలిగిన కంపెనీ తన పెరటి గొట్టంలో మిల్లీగ్రామును పట్టలేనంటే నమ్మడం కష్టం. నగరంలోనే ఐఐసీటీ, సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. కావాల్సింది ఆదేశం.

ఖర్చు విషయం నిజంగా బరువైనది. చిన్న బల్క్ డ్రగ్ యూనిట్లకు లాభం పలచగా ఉంటుంది. పెన్సిలిన్ లాంటి మందుల ముడిసరుకులో చైనా మీద ఎంతగా ఆధారపడ్డామో కొవిడ్ కాలంలో చూశాం. అయితే ఈ వాదనలో ఒక లెక్క ఎప్పుడూ కనిపించదు. కాలువలోకి పోయిన 45 కిలోలు కంపెనీలు డబ్బు పెట్టి తయారుచేసిన సరుకే. దాన్ని తిరిగి రాబట్టుకునే పద్ధతులు, ప్రక్రియను మార్చి వ్యర్థాన్ని మొదట్లోనే తగ్గించే పద్ధతులు ఉన్నాయి. మిగిలిన ఖర్చును పంచుకోవాల్సింది కొనేవాడు. నార్వే ఆస్పత్రులకు మందులు కొనే సంస్థ 2019 నుంచి కొన్ని యాంటీబయాటిక్స్ టెండర్లలో తయారీదారు పర్యావరణ పనితీరుకు కూడా మార్కులు వేస్తోంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వాసుపత్రులకు మందులు కొనే సంస్థలు ఎవరు తక్కువకు కోట్ చేస్తే వారికే ఆర్డర్ ఇస్తాయి. తక్కువ ధర కొంతమేర ఎక్కడ మిగిలిందో పటాన్‌చెరు దగ్గరి ఇస్నాపూర్, గండిగూడెం ప్రజలను అడిగితే తెలుస్తుంది. ఏడాదికి కోట్ల రూపాయల మందులు కొనే ప్రభుత్వం తన టెండరులో ఒక్క షరతు చేరిస్తే, ఏ చట్టసవరణా లేకుండా సగం మార్పు వస్తుంది.

ఒక మాట ఇక్కడ పక్కకు వెళ్లి చెప్పాలి. 2025 జూన్ 30న ఇదే పాశమైలారంలో సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగింది. 46 మంది మరణం ధ్రువపడింది, మరో 8 మంది ఆచూకీ దొరకలేదు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీలు వాళ్లలో ఎక్కువమంది. ముఖ్యమంత్రి వచ్చారు, కమిటీ వేశారు, కేసు పెట్టారు. అంతకుముందు ఏడాది ఆగస్టులో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఫార్మా కర్మాగారంలో ప్రమాదం జరిగి 17 మంది చనిపోయినప్పుడూ అంతే. పేలుడు శబ్దం చేస్తుంది, శవాలు లెక్కకు వస్తాయి, అందుకే కమిటీలైనా పడతాయి. ఆ కమిటీల నివేదికలు ఏమయ్యాయన్నది మరో బాధ. శబ్దం లేని ప్రమాదానికి కమిటీ కూడా పడదు. దాన్ని పట్టుకునేది నిబంధన ఒక్కటే, అదే లేనప్పుడు ఇక ఎవరూ లేరు.

చట్టం కోరలు కూడా ఈ మధ్య మెత్తబడ్డాయి. పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనకు ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2023 జన్ విశ్వాస్ చట్టం దాన్ని తీసేసి, రూ.10 వేల నుంచి రూ.15 లక్షల దాకా జరిమానాగా మార్చింది. నీటి కాలుష్య చట్టాన్నీ 2024లో అదే తోవలో సవరించారు. జైలు శిక్షలు నిజంగా ఎప్పుడు అమలయ్యాయి గనక అన్నవారి వాదనలో పస ఉంది. కానీ వందల కోట్ల టర్నోవర్ ఉన్న కంపెనీకి రూ.15 లక్షలు ఏ మూలకు?

ఇదంతా పటాన్‌చెరు గత చరిత్ర మాత్రమే అయితే ఇంత బెంగ ఉండేది కాదు. కొత్త పటాన్‌చెరులు ఇప్పుడు కడుతున్నాం. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో కేంద్రం మంజూరు చేసిన బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. దేశంలో ఇలాంటివి మూడే. ఆ పక్కనే ఉన్న రాజయ్యపేట మత్స్యకారులు సముద్రంలో చేపలు బతకవని నెలల తరబడి ఆందోళన చేశారు. కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి కర్మాగారం 2024లో మొదలైంది. ఆ మందు ముడిసరుకును దేశంలోనే తయారుచేసుకోవాలన్న లక్ష్యాన్ని సమర్థించాల్సిందే. తెలంగాణలో ముచ్చర్ల ఫార్మాసిటీ ప్రతిపాదన, ఆ తర్వాత 2024 నవంబరులో ఫార్మా భూసేకరణపై లగచర్ల రైతుల తిరుగుబాటు, ప్రభుత్వం ఆ ప్రకటనను వెనక్కి తీసుకోవడం అందరికీ గుర్తున్నవే.

ఈ రైతులను, మత్స్యకారులను అభివృద్ధికి అడ్డుపడేవారని కొందరు విసుక్కుంటారు. ఒకసారి వాళ్ల వైపు నిలబడి చూడండి. ప్రజాభిప్రాయ సేకరణలో అధికారి లేచి, వ్యర్థజలాలన్నీ ప్రమాణాల ప్రకారమే వదులుతారని భరోసా ఇస్తారు. ఆ ప్రమాణాల్లో ఏం లేదో పటాన్‌చెరు చూసినవాళ్లకు తెలుసు. చుక్క నీరు కూడా బయటికి రాదు, జీరో లిక్విడ్ డిశ్చార్జ్ అంటారు. నీటిని మరిగించి ఆవిరి చేశాక మిగిలే ఉప్పులు, బురద ఎక్కడికి పోతాయి, అందులో మందు ఎంత ఉంటుంది అని అడిగితే జవాబు ఉండదు, ఎందుకంటే కొలవాలన్న నియమం లేదు. అధికారి అబద్ధం చెప్పడం లేదు, కంపెనీ కూడా చట్టం దాటడం లేదు. అయినా రాజయ్యపేట భయం న్యాయమైనదే.

ఢిల్లీ మళ్లీ కదిలేదాకా ఎదురుచూడాలా? అక్కర్లేదు. 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల్లోని మూడో నియమం, కేంద్రం పెట్టిన ప్రమాణాల కంటే కఠినమైనవాటిని ఒక పరిశ్రమకు లేదా ప్రక్రియకు విధించే అధికారాన్ని రాష్ట్ర మండలికి ఇచ్చింది. షరతు ఒక్కటే, నీరు చేరే చెరువు లేదా నది పరిస్థితిని బట్టి కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. నక్కవాగు గురించి, మూసీ గురించి, గండిగూడెం చెరువు గురించి రాయడానికి కారణాలకు కరువా? ప్రపంచ పత్రికల్లో అచ్చయిన కొలతలే పుట్టలుగా ఉన్నాయి. 2009లో కేంద్ర మండలి 88 పారిశ్రామిక ప్రాంతాలను తూచి, 70 మార్కులు దాటిన 43 చోట్లను అత్యంత కలుషితమైనవిగా ప్రకటించినప్పుడు ఆ జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం ఉంది, విశాఖపట్నం కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద తొలి మార్గదర్శకాలు విడుదల చేసింది. హద్దులు ఎలా లెక్కించాలో, ఎక్కడ కొలవాలో, ఫలితాలు ఎలా ప్రకటించాలో అందులో ఉంది. అంకెలు తేల్చడానికి మనం సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతాను. కాలుష్యం ఎక్కువగా ఉండే ఎరుపు కేటగిరీలోని ప్రతి మందుల కర్మాగారమూ నడవడానికి మండలి నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి, గడువు తీరాక దాన్ని పునరుద్ధరించుకోవాలి. ఆ పత్రంలో షరతుల జాబితా ఉంటుంది. తయారుచేసే ప్రతి యాంటీబయాటిక్‌ను నెలకోసారి గొట్టం చివర, శుద్ధి బురదలోనూ కొలవాలని, ఆ అంకెలను కంపెనీ పేరుతో, తేదీతో మండలి వెబ్‌సైట్‌లో పెట్టాలని ఒక షరతు చేర్చాలి. మొదటి రెండేళ్లు జరిమానా వద్దు, కొలత చాలు. కొలతలు బయటికి వస్తే ఏ కంపెనీ ఎంత శుభ్రంగా పనిచేస్తోందో కొనుగోలుదారులకు, పక్క ఊరివారికి, నిజాయితీగా ఖర్చుపెట్టి శుద్ధి చేస్తున్న తోటి కంపెనీలకు తెలుస్తుంది. ఇవాళ ఆ నిజాయితీపరుడికి దక్కుతున్నది నష్టమే, ఎందుకంటే అతని ఖర్చు కనిపిస్తుంది, పక్కవాడి కాలుష్యం కనిపించదు. రెండేళ్ల అంకెలు చేతిలో ఉంటే మూడో ఏడాది పరిమితి పెట్టడానికి శాస్త్రవేత్తలతో పాటు పరిశ్రమ కూడా ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు.

నక్కపల్లిలో ఇది ఇంకా తేలిక. అక్కడ కర్మాగారాలు ఇంకా రావాల్సి ఉంది. పార్కులోకి వచ్చే ప్రతి యూనిట్‌కూ స్థాపన అనుమతి ఇచ్చేటప్పుడే ఆ షరతు రాయవచ్చు, ఉమ్మడి శుద్ధి కేంద్రం డిజైనులోనే మందును విడగొట్టే దశను చేర్చవచ్చు. కట్టాక తవ్వి మార్చడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే కట్టేటప్పుడే చేర్చడానికి అయ్యేది చాలా తక్కువ. పార్కు మొదలయ్యే ముందు సముద్రపు నీటిలో, చుట్టుపక్కల బావుల్లో ఇప్పుడు ఏముందో ఒక్కసారి కొలిచి భద్రపరచాలి. అలాంటి కొలత లేకపోతే తమ నీరు ఒకప్పుడు బాగుండేదని ఊరివాళ్లు మాటలతో నిరూపించుకోవాల్సి వస్తుంది. రాజయ్యపేట మత్స్యకారుల చేతిలో మాత్రం ఆ కాగితం ముందే ఉండాలి, పార్కులో మొదటి రియాక్టరు తిరగకముందే.